‘స్త్రీ’ అంటే ఎన్ని అక్షరాలు?

పాలవాడి లెక్క క్యాలెండరు మీద, చాకలి పద్దు పిల్లల పాత నోటుబుక్కు ఆఖరి పేజీలో, చిట్టీ డబ్బుల లెక్క బియ్యం డబ్బా మూతకి అంటించిన కాగితం మీద. మన ఇళ్లలో దస్త్రాలకు లోటు లేదు. వాటిని చదవడం మాత్రం రాసిన ఇల్లాలికే చెల్లు. ‘దు 2, చీ 3, తె.చొ 1’ అని ఉంటే దుప్పట్లు రెండు, చీరెలు మూడు, తెల్ల చొక్కా ఒకటి అని ఆవిడకు తెలుసు. పదమూడో తారీఖు గడిలో గీత లేదనుకోండి. పాలే రాలేదా, గీత పెట్టడం మరిచిపోయామా? ఆ రోజు ఇంటికి ఎవరొచ్చారో, కాఫీ ఎన్నిసార్లు కలిపామో గుర్తు చేసుకుని మరీ తేల్చేస్తుంది. అంటే మనం చదివేది సగం కాగితం మీద నుంచి, తక్కిన సగం బుర్రలోంచి.

బుర్ర లేనివాడికి ఆ పద్దు చదివే పని పడితే? కంప్యూటరు మహానుభావుడి అవస్థ సరిగ్గా అదే. అక్షరాలు ఎన్ని లక్షలైనా అలుపు లేకుండా చదువుతాడు. అర్థం మాత్రం ఒక్క మాటకీ తెలియదు. ఇవాళ ఇంజనీరింగు కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి ఏడాదే నేర్పే విద్యల్లో ఒకటి, ఈ మహానుభావుడి చేత దస్త్రం చదివించడం. అచ్చంగా అక్షరాలతోనే నిండిన దస్త్రాన్ని వాళ్లు ‘టెక్స్ట్ ఫైలు’ అంటారు. దాన్ని తెరవాలి, వరస వెంట వరస చదవాలి, కావలసింది ఏరుకోవాలి, లెక్క కట్టాలి, మూసెయ్యాలి. వినడానికి బియ్యంలో రాళ్లు ఏరినంత తేలిక. చేట పట్టిన వాళ్లకే తెలుస్తుంది కష్టం.

ఈ చిన్న విద్య వెనక నూట ముప్పై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనం అనుకునేదానికంటె చాలా ఎక్కువమంది ఆడవాళ్లున్నారు. అందుకే ఈ నాలుగు మాటలూ మీతో చెప్పుకోవాలనిపించింది.

కథను సెంటినరీ కాలనీ నుంచి మొదలుపెడదాం. పెద్దపల్లి జిల్లాలో గోదావరిఖని నుంచి మంథని వెళ్లే దారిలో వస్తుంది ఆ ఊరు. ఊరంటే ఊరు కాదు, సింగరేణి బొగ్గు గనుల వారి కాలనీ. భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ 1871 ప్రాంతంలో ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని ఒకటి పుట్టి తవ్వుకునే హక్కులు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో అది ‘సింగరేణి కాలరీస్ కంపెనీ’ అయింది. తవ్వకానికి నూరేళ్లు నిండిన పండుగ ఈ కాలనీకి పేరై కూర్చుంది. నూరేళ్ల పేరు పెట్టుకున్న ఈ కాలనీలో 2010లో జె.ఎన్.టి.యు. హైదరాబాదు వారి ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. మంథని కాలేజీ అని పేరేగానీ ఉండేది ఇక్కడే. అందులో గనుల విద్యా ఉంది, కంప్యూటరు విద్యా ఉంది. ఒక గదిలో బొగ్గు తవ్వడం నేర్పుతారు, పక్క గదిలో అక్షరాలు తవ్వడం నేర్పుతారు.

ఈ రెండు తవ్వకాలూ దాదాపు ఈడుజోడైనవే. ఇల్లందులో బొగ్గు పైకి రావడం మొదలైన మరుసటి ఏడు, 1890లో, అమెరికాలో జనాభా లెక్కలు తీశారు. అంతకుముందు 1880లో తీసిన లెక్కలు చేత్తో కూడి తేల్చేసరికి ఇంచుమించు ఎనిమిదేళ్లు పట్టింది. ఈసారి జనం ఆరు కోట్లు దాటారు. పాత పద్ధతిలో కూర్చుంటే ఈ లెక్క తేలేలోపు తరవాతి జనాభా లెక్కలే వచ్చి పడతాయని భయం పట్టుకుంది. అప్పుడు హెర్మన్ హాలరిత్ అనే ఇంజనీరు ఒక ఉపాయం పన్నాడు. మనిషికొక అట్టముక్క. ఆడా మగా, వయసెంత, పుట్టిందెక్కడ, చేసే పనేమిటి, ఒక్కొక్కదానికి అట్ట మీద ఒక్కొక్క చోటు. ఆ చోట చిల్లు పెడితే ‘అవును’ అన్నట్టు. అట్టను యంత్రంలో పెట్టి మీటను కిందికి లాగితే సూదులు దిగుతాయి. చిల్లున్న చోట సూది అవతల పాదరసంలో మునిగి కరెంటు పారుతుంది, గడియారంలాంటి ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. చిల్లు లేని చోట సూది అట్టకు తగిలి ఆగిపోతుంది. యంత్రం చదవడమంటే మొదట ఇంతే, చిల్లుందా లేదా అని తడిమి చూడడం.

ఆ చిల్లులు పెట్టిందెవరు? వాటిలో చాలా భాగం ఆఫీసుల్లో కూర్చున్న ఆడపిల్లలే. వేళ్లు చురుకు, ఓపిక ఎక్కువ, జీతం తక్కువ. యజమానులకు మూడూ నచ్చే గుణాలే! హాలరిత్ కంపెనీ మరికొన్నిటితో కలిసి 1924 నాటికి ఐ.బి.ఎం. అయింది. 1928లో అట్టకు 80 నిలువు గళ్లు ఏర్పడ్డాయి. అక్కణ్ణుంచి వరసకు 80 అక్షరాలన్న అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, అట్టలు మాయమైనా కంప్యూటరు తెరల మీద అది చాలాకాలం చెరగలేదు.

ఇక్కడ మనం గమనించవలసిన ముచ్చట ఇంకొకటుంది. అట్టకు ఒకమ్మాయి చిల్లులు పెడితే, అదే కాగితం చూసి ఇంకో అమ్మాయి, ఇంకో యంత్రం మీద, అదే అట్టకు మళ్లీ అవే మీటలు నొక్కేది. రెండోసారి చిల్లులు పడవు, పోలిక మాత్రమే. తేడా వస్తే యంత్రం ఆగిపోయేది. చదివేవాడికి అర్థం తెలియనప్పుడు తప్పు పట్టుకునే దారి ఒక్కటే, విడిగా రెండోసారి చేసి చూసుకోవడం.

ఇది అమెరికావాళ్లే కనిపెట్టిన తెలివి అనుకోనక్కరలేదు. సెంటినరీ కాలనీకి పక్కనే ఉన్న మంథని వేదపండితులకు పేరుపడ్డ ఊరు. కాగితం మీద చూడకుండా వేలకు వేల పదాలను అక్షరం జారకుండా తరాలు దాటించడానికి మన పెద్దలు చేసిన ఏర్పాటు ఎంత చక్కనిదో చూడండి. పదపాఠమంటే సంధులు విప్పి విడివిడిగా చెప్పడం. క్రమపాఠంలో ఒకటీ రెండూ, రెండూ మూడూ, మూడూ నాలుగూ అని జంటలు జంటలుగా చెబుతారు. జటాపాఠంలో ఒకటీ రెండూ, రెండూ ఒకటీ, మళ్లీ ఒకటీ రెండూ అని ముందుకూ వెనక్కూ అల్లుతారు. ఒక పాఠంలో మాట జారితే ఇంకో పాఠం పట్టిస్తుంది. చిల్లుల అమ్మాయి వెనక రెండో అమ్మాయిని కూర్చోబెట్టడమూ ఇదే కదా!

అంకెలు సరే, మాటల సంగతేమిటి? దానికి మళ్లీ ఒక సన్యాసే దిక్కయ్యాడు. ఇటలీలో రొబెర్తో బూసా అని ఒక జెస్యూట్ ఫాదర్. థామస్ అక్వినాస్ లాటిన్ రచనల్లో ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో ఒక పెద్ద సూచిక తయారుచెయ్యాలని ఆయన పట్టుదల. మాటలా, కోటీ పది లక్షలు! 1949లో న్యూయార్కు వెళ్లి ఐ.బి.ఎం. అధిపతి థామస్ వాట్సన్ను ఒప్పించి వచ్చాడు. ఆ మాటలన్నిటినీ అట్టల మీదికి ఎక్కించింది మళ్లీ ఆడపిల్లలే. గల్లారాతె అనే ఊళ్లో బూసా వాళ్లకు శిక్షణ ఇప్పించాడు. లాటిన్లో పండితురాళ్లేమీ కారు. తెలియని భాషను అక్షరం వెంట అక్షరం చూసి కొట్టారు. 1974 నుంచి ఆ సూచిక 56 సంపుటాలుగా అచ్చయింది. కంప్యూటరు చేత గ్రంథాలు చదివించిన ఆద్యుడిగా బూసాకు చరిత్రలో స్థానం దక్కింది. ఆ అమ్మాయిల పేర్లు వెదికి పట్టుకోవడానికి పరిశోధకులు ఈ శతాబ్దం దాకా రావలసి వచ్చింది.

అన్ని చోట్లా అలాగే జరిగిందని కాదు. గ్రేస్ హాపర్ అమెరికా నౌకాదళంలో పనిచేసిన గణిత పండితురాలు. మనుషులు రాసే ఆదేశాలను యంత్ర భాషలోకి యంత్రమే మార్చుకునే ఏర్పాటు 1952లో చేసి చూపింది. వ్యాపార లెక్కలకు అన్ని కంప్యూటర్ల మీదా నడిచే ఉమ్మడి భాష ఒకటి కావాలని 1959లో పిలుపు ఇచ్చింది మేరీ హాస్ అనే మరో స్త్రీ. అలా పుట్టిన భాష కోబాల్. బ్యాంకులూ, బీమా కంపెనీలూ, జీతాల లెక్కలూ దశాబ్దాల తరబడి దాని మీదే నడిచాయి. ఆ భాషలో దస్త్రం చదవమనే ఆదేశం తమాషాగా ఉంటుంది. ‘ఫలానా దస్త్రం చదువు’ అని ఊరుకోరు. ‘అయిపోతే ఇది చెయ్యి’ అనీ ఆ వాక్యంలోనే చెబుతారు. పిల్లవాడికి డబ్బిచ్చి కొట్టుకు పంపుతూ, ‘కందిపప్పు తీసుకురా, లేకపోతే పెసరపప్పు తే’ అన్నట్టు. సంసారం చేసినవాళ్ల ముందుచూపు ఆ వాక్యంలో కనిపిస్తుంది. కాదంటారా?

మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. 1967లో పుట్టి, రెండేళ్లకే టి.డి.సి.-12 అని స్వదేశీ కంప్యూటరు చేసింది. అదే 1969లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ అనే వ్యవస్థకు అంకురార్పణ జరిగింది. యూనిక్స్ వాళ్లు ఒక చిత్రమైన నిర్ణయం చేశారు. దస్త్రానికి 80 గళ్ల కట్టుబాటు వద్దు, అరలు వద్దు, పెట్టెలు వద్దు. దస్త్రమంటే ఒక దాని వెనక ఒకటి వచ్చే గుర్తుల ధార, అంతే. వరస ముగిసిందని చెప్పడానికి కూడా ఒక గుర్తు చాలు. డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో చేసిన ‘సి’ భాష ఆ ధారను దోసిలి పట్టి తాగుతుంది. బ్రయన్ కెర్నిహన్, రిచీ కలిసి 1978లో ఆ భాషకు రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే అక్షరాలు లెక్కపెట్టడం, వరసలు లెక్కపెట్టడం, మాటలు లెక్కపెట్టడం నేర్పారు. ప్రపంచంలో ఎందరో ఓనమాలు దిద్దింది అక్కడే.

సెంటినరీ కాలనీ పిల్లలు దిద్దేవీ అవే ఓనమాలు. జె.ఎన్.టి.యు. వారి 2018 నాటి పాఠ్యప్రణాళికలో ఈ పని మొదటి ఏడాదే పెట్టారు. ఒక దస్త్రంలో ఉన్నదంతా తెర మీద చూపించడం ఒక అభ్యాసం. చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలను పెద్ద బడికి మారుస్తూ ఒక దస్త్రాన్ని ఇంకో దానిలోకి ఎత్తిరాయడం మరొకటి. ఫలానా అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం, రెండు దస్త్రాలను కలిపి మూడోది చేయడం. చూడబోతే ఇవన్నీ పూర్వం గుమాస్తాలు చేసిన పనులే.

ఇప్పుడొక అమ్మాయిని ఊహించుకుందాం. పేరెందుకు, బొగ్గుగని కుటుంబంలో పుట్టిన పిల్ల అనుకోండి, చాలు. తాత ‘బాయి’లో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ప్రాంతంలో గనిని బాయి అంటారు. పని రోజుల్ని ‘మస్టర్లు’ అంటారు, రాని రోజుల్ని ‘నాగాలు’ అంటారు. అమ్మాయి అభ్యాసం కోసం ఒక దస్త్రం తయారు చేసుకుంది. వరసకొక హాజరు, కార్మికుడి నెంబరు, పేరు, తారీఖు, షిఫ్టు. ఎవరికెన్ని మస్టర్లు పడ్డాయో కంప్యూటరు చెప్పాలి. పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటే నాయనమ్మ ఊరుకుంటుందా?

“ఏం జేస్తున్నవ్ బిడ్డా, పొద్దంత?”

“మిషన్కు సదువు నేర్పుతున్న, నాయినమ్మా.”

“గంత పెద్ద మిషన్కు సదువు రాదా?”

“అక్షరాలొస్తయ్. అర్థమే రాదు.”

“అయితె మీ తాత లెక్కనే. సంతకం దగ్గర అక్షరాలు గీసెటోడు, పైన ఏం రాసి ఉందో తెల్వకపోవు. అందుకే ఇంటికొచ్చి గోడకు బొగ్గుతోని గీతలు గీసెటోడు. నెలాఖరుకు గుమాస్తా లెక్క, గోడ లెక్క కలిస్తేనే నిద్ర.”

ఆ గోడ లెక్కకు ఎంత విలువుందో చట్టం పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. 1952 నాటి గనుల చట్టం ఒక గీత గీసింది. ఆ చట్టం అమల్లో ఉన్నన్నాళ్లూ భూగర్భంలో పనిచేసేవాడికి ఏడాదిలో 190 హాజర్లు, పైన పనిచేసేవాడికి 240 హాజర్లు ఉంటే జీతంతో సెలవుకు అర్హత ఉండేది. భూగర్భంలోనైతే పదిహేను రోజుల పనికి ఒక రోజు సెలవు ఇచ్చేవారు. 190 ఉన్నవాడికి పన్నెండు రోజులకు పైబడి సెలవు వచ్చేది. 189 ఉన్నవాడికి సున్నా. ఒక్క వరస! చదివే యంత్రం ఒక్క వరస దాటేస్తే ఒక మనిషి ఏడాది విశ్రాంతి పోతుంది. ఇక అక్షరాల దస్త్రం చదవడం పిల్లల ఆట ఎలా అవుతుంది?

ఆ ఒక్క వరస పోవడానికీ, అదనంగా వచ్చి చేరడానికీ దారులు చాలా ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వరసగా అన్నిట్లోనూ కాలు పెడతారు. దస్త్రం మొదటి వరసలో శీర్షిక ఉంటుందనుకుని దాన్ని వదిలెయ్యమంటారు. శీర్షిక లేని దస్త్రమైతే తొలి మనిషి హాజరు గల్లంతు. ఇంకొకటి, దస్త్రం అయిపోయిందా అని యంత్రాన్ని అడిగే తీరు. ‘సి’ భాషలో ఆ ప్రశ్నకు జవాబు ఒక అడుగు వెనకబడి వస్తుంది. ఆవకాయ జాడీలో గరిటె వేసి, ఖాళీగా పైకి వస్తేగానీ అయిపోయిందని మనకు తెలుస్తుందా? యంత్రానికీ అంతే. చదవబోయి, ఏమీ దొరక్కపోతేనే ‘అయిపోయింది’ అంటుంది. ఇది తెలియని పిల్లలు ముందు అడిగి తరవాత చదివిస్తారు. ఆఖరిసారి గరిటెలో ఏమీ రాలేదు, పాత ముక్కే మిగిలి ఉంది. దాన్నే మళ్లీ వడ్డించేస్తుంది! జాబితా చివర ఉన్న యాదగిరికి చెయ్యని రోజుకు మస్టరు పడుతుంది. 189 కాస్తా 190 అవుతుంది. యాదగిరి సంతోషించవచ్చుగానీ లెక్క లెక్కే కదా.

అన్నిటికంటె ఘోరమైనది ఇంకొకటి. దస్త్రం తెరిచేటప్పుడే ఎందుకు తెరుస్తున్నావో చెప్పాలి. చదవడానికైతే ‘ఆర్’ అనాలి, రాయడానికైతే ‘డబ్ల్యు’, చివర చేర్చడానికైతే ‘ఏ’. చదవవలసిన చోట పొరపాటున ‘డబ్ల్యు’ అన్నారా, పలక తుడిచినట్టు ఉన్నదంతా తుడిచేసి, ‘ఊఁ, ఇక రాయండి’ అని నిలబడుతుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత మన పెద్దలు దీన్ని చూసే పుట్టించారేమో!

అంకెలతోనూ ఒక పేచీ ఉంది. అక్షరాల దస్త్రంలో 10 అని ఉంటే అది పది కాదు. ఒకటి బొమ్మ, సున్నా బొమ్మ. ఈ సంగతి చెప్పకుండా వరసగా పేర్చమంటే నిఘంటువులో మాటలు పేర్చినట్టు 1, 10, 100 పెట్టి ఆ తరవాత 2 పెడుతుంది. వరస చివరి గుర్తు కథ ఇంకా తమాషా. పాత టైపు మిషన్ మీద వరస అయిపోగానే మీట పట్టి బండిని కుడి చివరికి నెట్టేవాళ్లం, కాగితం ఒక వరస పైకి జరిగేది. టైపు ఇన్‌స్టిట్యూట్లో లోయరు, హయ్యరు పాసైన అక్కయ్యలకు ఆ గంట మోత ఇంకా చెవుల్లోనే ఉంటుంది. ఆ రెండు కదలికలకూ రెండు గుర్తులు ఏర్పడ్డాయి. యూనిక్స్ వాళ్లు ఒకటి చాలన్నారు. విండోస్ వాళ్లు రెండూ ఉంచుకున్నారు. ఒకచోట రాసిన దస్త్రం ఇంకోచోట చదివితే పేరు చివర కంటికి కనపడని గుర్తొకటి అంటుకుని ఉంటుంది. కంటికి రెండు పేర్లూ ఒకటే, యంత్రానికి వేరు వేరు మనుషులు.

పేర్ల గొడవ అక్కడితో ఆగదు. రాజయ్య అన్న పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక గుమాస్తా చివర ‘ఐ ఏ హెచ్’ పెడతాడు, ఇంకొకడు ‘రెండు వైలు ఏ’ పెడతాడు. నాయనమ్మకు ఇద్దరూ ఒక్క రాజయ్యే. యంత్రానికి ఇద్దరు. ఒకడికి 100 మస్టర్లు, ఇంకొకడికి 90. ఇద్దరిలో ఎవడికీ సెలవు లేదు! అందుకే బుద్ధిమంతులు పేరును నమ్మక నెంబరును నమ్ముతారు.

అయితే పేరు హాయిగా తెలుగులోనే రాసుకోవచ్చు కదా అంటారు మీరు. రాసుకోవచ్చు. దానికీ ఒక చరిత్ర ఉంది. 1963లో అమెరికాలో ‘ఆస్కీ’ అని అక్షరాలకు అంకెలు కేటాయించారు. మొత్తం 128 చోట్లు, అన్నీ ఇంగ్లీషుకే సరి. పెద్ద ‘ఏ’కి 65, చిన్న ‘ఏ’కి 97. తేడా 32. పిల్లలు చేసే చిన్న బడి, పెద్ద బడి అభ్యాసంలో రహస్యమంతా ఆ 32 తీసెయ్యడమే. మన భాషలో అక్షరాలన్నీ సమానమే, ఆ పేచీ లేదు. మన దేశంలో 1991లో భారతీయ లిపులకు ‘ఇస్కీ’ ప్రమాణం వచ్చింది. అదే ఏడు యూనికోడు తొలి కూర్పులో తెలుగుకు 128 చోట్ల పేటను కేటాయించారు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు ఒక హోటల్లో టేబులు మీద పరిచే కాగితం మీద లెక్కలు వేసి, ఆ అంకెలను పాత ధారలోనే ఒదిగించే ఉపాయం కనిపెట్టారు. దాన్ని ‘యు.టి.ఎఫ్.-8’ అంటారు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు. తెలుగు గుర్తుకు మూడు గళ్లు కావాలి. ఆ గడినే బైటు అంటారు.

ఇప్పుడు ‘సింగరేణి’ మాట తీసుకోండి. మనకు నాలుగక్షరాలు. యూనికోడుకు సకారం, గుడి, సున్న, గకారం, రకారం, ఏత్వం, ణకారం, మళ్లీ గుడి, మొత్తం ఎనిమిది. దస్త్రంలో 24 బైట్లు. ఇక ‘స్త్రీ’ చూడండి. మనకు ఒక్కటే అక్షరం. పలికితే ఒక్క ఊపిరి. యూనికోడుకు సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం, ఆరు ముక్కలు. దస్త్రంలో 18 బైట్లు. సెంటినరీ కాలనీ అమ్మాయి తన చిన్న ‘సి’ ప్రోగ్రాముకు ఈ మాట ఇచ్చి ఎన్ని అక్షరాలని అడిగితే 18 అంటుంది. 1991లో బయటికొచ్చిన పైథాన్ భాష ఇప్పటి కూర్పును అడిగితే 6 అంటుంది. పలక పట్టిన పిల్లను అడిగితే 1 అంటుంది. ముగ్గురూ నిజమే చెప్పారు. నువ్వు దేన్ని లెక్కపెట్టమన్నావో నీకు తెలియాలి, అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకు మించిన పాఠం లేదు.

స్త్రీని లెక్కపెట్టడం యంత్రాలకే కాదు, చట్టాలకూ కష్టమైంది. ఇందాకటి 1952 గనుల చట్టమే స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. పైన పనికైనా పగటి పూటే. 2019 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ ఆ తలుపు కొంత తెరిచింది. వ్రాతపూర్వకంగా అంగీకారం ఇచ్చిన స్త్రీలు సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల మీద పగటివేళ భూగర్భంలోకి వెళ్లవచ్చని, పైగనుల్లో రాత్రి కూడా పనిచేయవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అంటే సెంటినరీ కాలనీలో కాలేజీ పెట్టిన తొలి ఏళ్లలో గనుల విద్య చదివిన అమ్మాయికి పుస్తకంలోని భూగర్భం పనిగా తెరుచుకోలేదు. దస్త్రంలోని భూగర్భానికి మాత్రం అడ్డు లేదు. తాత దిగిన బాయి తాలూకు లెక్కలోకి మనవరాలు అక్షరాల మెట్ల మీదుగా దిగవచ్చు.

దిగినప్పుడు ఆమె మరవకూడనిది నాయనమ్మ చెప్పిన గోడ లెక్క. యంత్రం చెప్పింది కదా అని నమ్మడం చదువు కాదు. పది వరసల చిన్న దస్త్రం ఒకటి తీసుకుని, ముందు చేత్తో లెక్కపెట్టి, ఆ తరవాత యంత్రాన్ని అడిగి, రెండూ కలిస్తేనే పెద్ద దస్త్రం జోలికి పోవాలి. దస్త్రం ఖాళీగా ఉంటే ఏమంటుందో, చివరి వరస సగంలో ఆగితే ఏమంటుందో కూడా అడిగి చూడాలి. చిల్లుల అట్ట వెనక కూర్చున్న రెండో అమ్మాయి చేసిందదే. జటాపాఠం చెప్పిన పండితుడు చేసిందదే. సంతకం తప్ప చదువు రాని తాత బొగ్గుముక్కతో చేసిందీ అదే.

మీ ఇంట్లో ఇంజనీరింగు చదివే అమ్మాయో అబ్బాయో సెలవులకు వస్తే ఒక పని చెయ్యండి. క్యాలెండరు మీది పాల లెక్క, పాలవాడి పుస్తకంలోని లెక్క, రెండూ చేతికిచ్చి రెండు దస్త్రాలుగా ఎక్కించి కంప్యూటరు చేత పోల్చి చెప్పమనండి. ఒక గంట గింజుకుంటారు. కాఫీ ఇచ్చి ఓపిక పట్టండి. చివరికి ‘పదమూడో తారీఖు దగ్గర తేడా వస్తోందమ్మా’ అంటారు. ఆ రోజు ఎవరొచ్చారో, కాఫీ ఎన్నిసార్లు కలిపారో, ఆ సంగతి మీరు చెప్పండి. అది ఏ దస్త్రంలోనూ లేదు.